అడ్డకర్ర

ఆవిరి గిన్నె మూత తీయగానే వంటిల్లంతా తెల్లగా కమ్ముకుపోయింది. ఎదురుగా ఉన్న మనిషి కూడా కనిపించలేదు. ఆ తెలుపులోంచే లాన్‌జీ చెయ్యి చాపి ఒక్కొక్క రొట్టెనూ వేలితో నొక్కి చూసి వెదురు పళ్ళెంలోకి దించుతోంది.

"కాలట్లేదా వదినా?" అంది సూయింగ్.

"కాలితే మాత్రం? నువ్వు పట్టుకుంటావా?"

సూయింగ్ నవ్వి, పిండి బల్ల మీద ఇంకో ముద్ద కోసి ఆమె ముందుకు నెట్టింది. రొట్టెలు చెయ్యడంలో ఈ ఇంట్లో లాన్‌జీ తర్వాతే ఎవరైనా. ముద్దను అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, పైన రెండు వేళ్ళతో చిన్న వంతెనలా లాగి, దాని కింద రేగుపండు దూరుస్తుంది. ఉడికాక ఒక్క పండూ ఊడిరాదు. వాళ్ళమ్మ కూడా అలాగే చేసేది. పండు గుచ్చాక బొటనవేలితో ఒక్కసారి తట్టేది, నిద్రపోతున్న పిల్లని తట్టినట్టు. లాన్‌జీ కూడా తట్టింది.

"సూయింగ్, ఒకటడుగుతాను. వెంటనే కాదనకు."

ముద్ద కోస్తున్న కత్తి ఆగింది. ఏమడుగుతుందో సూయింగ్‌కి తెలుసు. వారం రోజులుగా ఆ మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది, ఎవరూ కూచోబెట్టలేదంతే.

"అమ్మ పోయి మూడేళ్ళూ నిండాయి కదా. ఈసారి అమ్మ పేరు వంశపటంలోకి ఎక్కుతుంది. పెద్దలతో పాటు మొదటిసారి ఇంటికొస్తుంది" అంది లాన్‌జీ, రేగుపళ్ళ గిన్నెలోకి చూస్తూ. "నేను పెద్దగదిలోకి రాను. పటం వంక చూడను. ఇదిగో, ఇక్కడే పొయ్యి దగ్గర కూచుని మంట వేసుకుంటా. అమ్మ వచ్చిన అలికిడి వింటే చాలు."

"మీ తమ్ముణ్ణి అడగకపోయావా?"

"వాడినా? వాడినడిగితే నిన్నడగమంటాడు. పుట్టి ఇన్నేళ్ళయింది, వాడు ఎవరినైనా కాదన్నాడా? ఔనన్నాడా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక సూయింగ్ కత్తి తీసుకుని పిండి కొయ్యడం మొదలుపెట్టింది. లాన్‌జీ మళ్ళీ అడగలేదు.

మర్నాడు మూడో మామయ్య పేరు రాయడానికి వచ్చాడు. సూయింగ్ భర్త షౌలియాంగ్‌కి సొంత చిన్నాన్న. పాంగ్ వాళ్ళలో ఆ తరంవాడు ఆయనొక్కడే మిగిలాడు. చెవులు పూర్తిగా పోయాయి. వినడానికి పెట్టుకునే మిషన్ కొనిచ్చారు గానీ, బ్యాటరీ దండగని దాన్ని జేబులోనే పెట్టుకుని తిరుగుతాడు. తనకి వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినబడదని ఆయన నమ్మకం. ఆయన మంచినీళ్ళడిగినా వీధి చివరిదాకా వినబడుతుంది.

వంశపటాన్ని ఉత్తరం గోడకి వేలాడదీశారు. పైన భవనం, అందులో కుర్చీల్లో కూచున్న ముసలాయన, ముసలమ్మ. వాళ్ళ కింద గళ్ళు గళ్ళుగా పేర్లు. అట్టడుగున తెరిచిన సింహద్వారం. మూడో మామయ్య కుర్చీ ఎక్కి, షౌలియాంగ్ నడుం పట్టుకుంటే, కుంచెను సిరాలో ముంచాడు. మామగారి పేరు పక్కన మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న గడిలో నెమ్మదిగా రాశాడు. పాంగ్ వారి కోడలు, చీ వారి ఆడపడుచు. అంతే.

కింద నిలబడి చూస్తున్న కూతురు మిన్‌రు సూయింగ్ చెవిలో గొణిగింది. "బామ్మ పుట్టింటి పేరు రాశారేంటమ్మా?"

"అలాగే రాస్తారు."

"చచ్చిపోయాక పుట్టింటి పేరు. బతికుండగా పుట్టింటి దీపం కూడా చూడకూడదు."

"నోర్ముయ్. పండగ పూట ఆ మాటలేంటి?" అంది సూయింగ్. మిన్‌రు పెళ్ళి వసంతంలో. పెళ్ళికొడుకు వాళ్ళు ఫలానా రోజని ఖాయం చేసి పంపారు. అప్పటినుంచీ సూయింగ్‌కి ప్రతి మాటా, జారిపడిన ప్రతి గిన్నే శకునంలా కనిపిస్తున్నాయి.

మూడో మామయ్య కుర్చీ దిగాక, షౌలియాంగ్ గొంతు సవరించుకున్నాడు.

"చిన్నాన్నా, అక్క సంగతి."

"ఎవరి సంగతి?"

"అక్క. లాన్‌జీ. ఈసారి అమ్మ వస్తుంది కదా..."

"గట్టిగా చెప్పరా! ఆడపిల్లలా ఆ గొణుగుడేంటి?"

"వంటింట్లో కూచుంటుందట!"

పెరట్లో లాన్‌జీ కుడుముల్లోకి క్యాబేజీ తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగిపోయింది.

"ఇచ్చేసిన పిల్లరా అది!" మూడో మామయ్య గొంతుకి కిటికీ అద్దం అదిరింది. "ఇచ్చేసిన పిల్ల ఏడాది చివరి రాత్రి పుట్టింటి దీపం చూడకూడదు! చూస్తే చేటెవరికి? నాకా? నేనేమైనా ఉండిపోతానా? నీకు! నీ పిల్లకి! దానికి పెళ్ళి పెట్టుకున్నావా లేదా?"

"అత్త వెనక్కి వచ్చేసింది కదా తాతా. ఇచ్చిన చోట లేనే లేదు. మరి ఎక్కడుండాలి?" అంది మిన్‌రు.

ఆయనకి వినబడలేదు. లేక వినబడనట్టు ఉండిపోయాడో. కుంచెను నీళ్ళల్లో జాడిస్తూ కూచున్నాడు. షౌలియాంగ్ తలెత్తి సూయింగ్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. నువ్వేమంటే అదే, అంటాడు అలా చూసి.

"పాలీహౌస్ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా ఎటూ" అంది సూయింగ్. "ఈ చలికి దుప్పట్లు దించకపోతే కీరదోస మొత్తం పోతుంది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అదే మాట అనేవారు. లాన్‌జీని పొమ్మని ఇంతవరకూ ఎవరూ అనలేదు. పాలీహౌస్‌కి కాపలా కావాలనే అనేవారు. అత్తయ్య బతికుండగా ఆవిడ కూడా అలాగే అని, తర్వాత గోడవైపు తిరిగి పడుకునేది.

పెరట్లో కత్తి మళ్ళీ చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది, ముందుకంటే వేగంగా.

ఆ సాయంత్రమే సూయింగ్ పరుపూ దుప్పటీ మోసుకుని వెళ్ళింది. వీధి తిన్నగా పోయి ఊరి బయట మలుపు తిరుగుతుంది. మలుపుకి ఎడమవైపు పాలీహౌస్‌లు వరసగా, ప్లాస్టిక్ మీద కప్పిన దూది దుప్పట్లతో, పడుకున్న పశువుల్లా ఉంటాయి. కుడివైపు దారి నాలుగు రోడ్ల కూడలికి, దాన్ని దాటి సమాధులకి. వాళ్ళ పాలీహౌస్ మొదటిదే. దాని మొదట్లో మట్టిగోడని ఆనుకుని కాపలా గది. ఒక మంచం, బొగ్గు పొయ్యి, ఊరివైపు ఒక కిటికీ.

లాన్‌జీ దుప్పటి పట్టుకుని చూసింది. సూయింగ్ తన బీరువాలోంచి తీసిన కొత్త దుప్పటి.

"ఇంత మందంది తెచ్చావంటే నీకు బాగానే సిగ్గేసినట్టుంది" అంది.

సూయింగ్ పొయ్యిలో బొగ్గు సర్దింది.

"పోనీలే, ఇక్కడ వెచ్చగానే ఉంటుంది. ఈ గోడకి అవతల దోసతీగలు పూలు పూస్తుంటే చలి మాటెక్కడిది." లాన్‌జీ మంచం మీద కూచుని మోకాలు రుద్దుకుంది. "అమ్మ కూడా ఇక్కడే ఆగేది, గుర్తుందా? కూడలి నుంచి వస్తూ వస్తూ. ఇక నడవలేనే, నీ రాజభవనంలో కాసేపు కూచుంటానే అనేది."

సూయింగ్‌కి గుర్తుంది. అత్తయ్య ఎడమ పాదం నేలని వదిలేది కాదు. ఒక అడుగు వేసి, ఒక అడుగు ఈడ్చేది. ఇంట్లో ఏ గదిలో ఉందో చూడకుండానే చెప్పగలిగేవాళ్ళు.

ఏడాది చివరి రోజు పొద్దు వాలకముందే మూడేళ్ళ మైల తర్వాత గుమ్మాలకి మళ్ళీ ఎర్ర కాగితాలు ఎక్కాయి. మిన్‌రు ఎత్తుపీట మీద నిలబడి జిగురు పూసింది. షౌలియాంగ్ ముంగిలంతా నువ్వుకట్టె పరిచాడు. ఎవరు అడుగుపెట్టినా కరకరలాడేట్టు దట్టంగా పరిచాడు. గేటు పక్కన అడ్డకర్ర సిద్ధంగా ఉంది. చేతికి పట్టనంత లావు కర్ర. పెద్దలు లోపలికి వచ్చాక దాన్ని గుమ్మం వెంబడి నేలమీద అడ్డంగా పడుకోబెడతారు. వచ్చినవాళ్ళు బయటికి పోకుండా, దిక్కులేనివి లోపలికి రాకుండా.

మగవాళ్ళు కూడలికి వెళ్ళారు. ముందు మూడో మామయ్య, వెనక షౌలియాంగ్. సూయింగ్ గేటు దగ్గర నిలబడింది. ఆడవాళ్ళు అంతవరకే. గాలి రెండుమూడు దిక్కుల నుంచి ఒకేసారి కొడుతున్నట్టుంది. గేటుకి కట్టిన ఎర్ర లాంతరు ఊగుతోంది. కూడలి దగ్గర కాగితాలు కాల్చిన వెలుగు ఒక్కసారి లేచి తగ్గింది. మూడో మామయ్య గొంతు ఇక్కడికే వినబడింది. "అన్నా! వదినా! పండక్కి ఇంటికి రండి! దారి జాగ్రత్త!"

తర్వాత ఎర్రటి చుక్కలు కదిలాయి. మూడో మామయ్య చేతిలో పాత పెద్దల కోసం అగరొత్తుల గుత్తి. షౌలియాంగ్ కుడి చేతిలో నాన్న కోసం ఒకటి, ఎడమ చేతిలో అమ్మ కోసం ఒకటి. ఆ చుక్క ఆరకుండా ఇంటిదాకా రావాలి. దాని వెనకే మనిషి వస్తుంది. సూయింగ్ ఆ ఎడమ చుక్కనే చూస్తూ నిలబడింది.

మలుపు దగ్గర ఆ చుక్క పోయింది.

ముందు లాంతరు స్తంభం అడ్డం వచ్చిందనుకుంది. షౌలియాంగ్ నడుస్తూనే ఉన్నాడు. కుడి చేతిలో చుక్క ఉంది. ఎడమ చేతిలో చీకటి. అతను ఒకసారి వెనక్కి తిరిగి కూడలివైపు చూశాడు. "ఏంట్రా వెనకబడ్డావ్! మీ నాన్నకి చలేస్తుంది, పద!" అని అరిచాడు మూడో మామయ్య. షౌలియాంగ్ పద్ధతి ప్రకారం వెనక్కి వెళ్ళాలి. కూడలిలో మళ్ళీ మోకరిల్లి పిలవాలి. కానీ గేటుకి కొంచెం దూరంలో అతను గోడవైపు తిరిగాడు. లైటర్ వెలుగు అతని గడ్డం కింద ఒక్క క్షణం మెరిసింది.

లోపలికి అడుగు పెడుతున్నప్పుడు రెండు చుక్కలూ వెలుగుతున్నాయి. అతను సూయింగ్ మొహంలోకి చూసి, వెంటనే చూపు దించేసుకున్నాడు.

"వచ్చారా అందరూ?" అని మూడో మామయ్య వెనక్కి తిరిగి, ఖాళీ వీధిని ఆప్యాయంగా చూసి, అడ్డకర్ర పడేశాడు.

ఆ పూట ఎవరూ అశుభం మాట్లాడకూడదు. ఆరింది, పోయింది, చచ్చింది, విరిగింది అనే మాటలకి పెదవులు కదలకూడదు. నోరు విప్పకుండా ఉండడానికి షౌలియాంగ్‌కి అది బాగా కలిసొచ్చింది. బల్ల మీద అత్తయ్య గిన్నె పెట్టారు. పక్కన చేతికర్రలా ఆనించిన తినే పుల్లల జత. ఆవిడకి ఇష్టమైన, జిగురుగా సాగే తీపి రొట్టె. అగరొత్తి గిన్నెలో నిటారుగా కాలుతోంది. అందరూ నెమ్మదిగా తిన్నారు. టీవీలో పాటలు, చప్పుడు లేకుండా.

సూయింగ్ తింటూ చెవి పెట్టి వింది. పెద్దలు లోపలున్న రాత్రి ఇల్లు నిండుగా ఉంటుంది. ఆమెకి మామగారు వచ్చిన మొదటి ఏడాది గుర్తుంది. ఎవరో వీపు వెనక కూచున్నట్టు వెచ్చగా ఉండేది. ఈ రాత్రి ముంగిట్లో నువ్వుకట్టె మీద ఒక అడుగూ, ఒక ఈడుపూ వినబడాలి. తర్వాత గుమ్మానికి చెప్పు కొట్టిన చప్పుడు. తర్వాత దగ్గు. గాలి తప్ప ఏమీ లేదు. చనిపోయినవాళ్ళు తిరిగే ఇల్లంటే జనానికి భయం. రావలసినవాళ్ళు రాని ఇల్లు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు అనుకుంది సూయింగ్. బల్ల మీద ఒక్క గిన్నె దగ్గర మాత్రమే చల్లగా ఉంది.

గేటు మీద ఎవరో కొట్టారు. నెమ్మదిగా, రెండుసార్లు.

"గాలమ్మా. లాంతరు తగులుతోంది" అంది మిన్‌రు.

సూయింగ్ లేచి వెళ్ళింది. నిజంగానే లాంతరే. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపింది. ఎదురుగా వీధి, వీధి చివర చీకటి. మలుపు అవతల కాపలా గది ఉండే చోట వెలుగు లేదు. ప్రతి ఏడూ కిటికీలో చిన్న వెలుగుండేది. ఇప్పుడు అదీ లేదు.

"అత్తయ్యా" అంది మెల్లగా.

కాళ్ళ దగ్గర కర్ర అడ్డంగా పడి ఉంది. దిక్కులేనివి లోపలికి రాకుండా. దారి మధ్యలో వదిలేసిన మనిషి ఈ కర్రకి ఏ లెక్కన వస్తుంది? సూయింగ్ చేతులు లాంతరు మీద బిగుసుకున్నాయి. చాలాసేపు అక్కడే నిలబడింది. లోపలికి వచ్చేసరికి షౌలియాంగ్ ఆమెనే చూస్తున్నాడు.

తెల్లవారకముందే ఊరంతా లేచింది. కొత్త ఏడాది మొదటి కుడుములు పెద్దలకి. షౌలియాంగ్ పొయ్యి ముందు కూచుని నువ్వుకట్టె తోస్తున్నాడు. సూయింగ్ మరుగుతున్న నీళ్ళలో గరిటె వెనక్కి తిప్పి కుడుముల్ని కదుపుతోంది. ఒకటి పగిలి క్యాబేజీ బయటికి వచ్చింది.

"లాభం వచ్చింది" అన్నాడు షౌలియాంగ్. ఈ పూట అలాగే అనాలి.

సూయింగ్ గిన్నెలు నింపి బల్ల మీద పెట్టి వచ్చింది. చివరి గిన్నె పెట్టలేదు. అత్తయ్య గిన్నె. దాన్ని గుడ్డలో చుట్టి ముడేసింది.

"ఎక్కడికి?"

"పాలీహౌస్‌కి."

మంట చిటపటలాడింది. అతను దానివైపే చూస్తూ అన్నాడు. "మలుపు దగ్గర... గాలి ఎక్కువుంది."

"చూశాను."

"చిన్నాన్న తొందరపెట్టాడు."

"అదీ చూశాను."

అతను చేతులు మోకాళ్ళకి తుడుచుకుని లేచాడు. పెద్దగదిలోకి వెళ్ళి దీపం దగ్గర ఒక అగరొత్తి వెలిగించి తెచ్చాడు. ఆడవాళ్ళ చేతికి ఇవ్వకూడనిది.

"చెయ్యి అడ్డం పెట్టుకుని నడువు" అన్నాడు.

మిన్‌రు పరుగున వచ్చి గేటు తెరిచింది. సూయింగ్ అడ్డకర్ర దాటింది. వీధిలో టపాకాయల ఎర్ర కాగితపు ముక్కలు మంచుకి అతుక్కుపోయి ఉన్నాయి. గాలి పడిపోయింది. అయినా ఆమె చేతిని దోసిలిలా వంచి ఆ చుక్కని కాపాడుకుంటూ నడిచింది. దారిలో ఎవరైనా ఎదురైతే ఏం చెప్పాలో ఆలోచించుకుంది గానీ ఎవరూ ఎదురుకాలేదు. మలుపు దగ్గర ఆగి, చుట్టూ చూసి, "రండి అత్తయ్యా, ఇంటికి పోదాం" అంది. ఎలా పిలవాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. పొలం నుంచి భోజనానికి పిలిచినట్టు పిలిచింది.

ఎవరూ వస్తున్నట్టు అనిపించలేదు.

కాపలా గది కిటికీకి లోపలినుంచి అట్టపెట్టె చింపి అడ్డం పెట్టి ఉంది. తలుపు కింద నుంచి వెలుగు సన్నగా బయటికి వస్తోంది. సూయింగ్ అడుగు ముందుకు వేయగానే కాలి కింద ఏదో కరకరలాడింది. చూస్తే ఎండిన దోసతీగలు. గుమ్మం ముందంతా పరిచి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది.

"కర్ర తన్నకు" అంది లాన్‌జీ. "అమ్మ లోపలుంది."

గుమ్మం వెంబడి పార కర్ర అడ్డంగా పడుకోబెట్టి ఉంది.

సూయింగ్ దాన్ని దాటి లోపలికి వెళ్ళింది. తిరగేసిన బుట్ట మీద రెండు గిన్నెలు, రెండు జతల పుల్లలు. ఇసుక పోసిన డబ్బాలో అగరొత్తి, సగం కాలింది. మంచం మీద కొత్త దుప్పటి తలగడ దాకా కప్పి ఉంది, నడుం దగ్గర కొంచెం ఎత్తుగా. లాన్‌జీ పీట మీదే కూచుని తెల్లవార్చినట్టుంది. గది వెచ్చగా ఉంది. సూయింగ్ వీపు వెనక కూడా వెచ్చగా ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు.

"ఒట్టు, నేనటు చూడలేదు" అంది లాన్‌జీ. "మీ దీపం కనబడుతుందని కిటికీకి అట్ట పెట్టేశాను. మిన్‌రుకి ఏమైనా అయితే నా మీదికే కదా వచ్చేది. వాళ్ళు కూడలి నుంచి వస్తున్నప్పుడు వీపు తిప్పుకుని కూచున్నా. చిన్నాన్న అరుపులకి చచ్చినవాళ్ళేంటి, ఇంకా పుట్టనివాళ్ళు కూడా లేచొస్తారు." నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, అనేశాను. చూశావా, అందుకే నన్ను ఇంట్లో ఉండనివ్వరు."

"తర్వాత?"

"తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. తీగల మీద చప్పుడైంది. ఒక అడుగు. ఒక ఈడుపు." లాన్‌జీ బుట్ట మీది గిన్నెని కొంచెం జరిపింది. "తలుపు తీశాను. ఎవరూ లేరు. కానీ ఎక్కడ కూచుంటుంది మరి? ఎప్పుడూ ఇక్కడే కదా ఆగేది. చలిగాలి లోపలికి వస్తోందని తలుపేసి కర్ర పెట్టాను. నీకు కోపమొచ్చిందా, మీ అత్తగారిని ఎత్తుకొచ్చేశానని?"

సూయింగ్ గుడ్డ విప్పి కుడుముల గిన్నె బుట్ట మీద పెట్టింది. ఇంకా ఆవిరి వస్తోంది. నేలమీద మోకరిల్లి మంచం వైపు నుదురు ఆనించింది. కోడలిగా ప్రతి ఏడూ చేసే పనే, చోటే వేరు. లేచాక చేతిలో అగరొత్తి మిగిలింది. దాన్ని పట్టుకునే నిలబడింది.

"తీసుకెళ్తావా?" అంది లాన్‌జీ. అడుగుతున్నట్టు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెద్దవాళ్ళ తీర్పు వినే చిన్నపిల్లలా కూచుంది.

సూయింగ్ ఇసుక డబ్బా దగ్గరికి వెళ్ళి, లాన్‌జీ పెట్టిన అగరొత్తి పక్కనే తనది గుచ్చింది.

లాన్‌జీ కుడుము ఒకటి రెండుగా చీల్చి సగం గిన్నెలో ఉంచి, సగం నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "సూయింగ్, ఒక్కటే ఆలోచిస్తున్నా. రేపు సాయంత్రం అందర్నీ సాగనంపుతారు కదా. అమ్మనెవరు దింపుతారు? దారి నాకు తెలుసు. కానీ నేను పోకూడదు. దింపేవాళ్ళు లేకపోతే ఇక్కడిక్కడే తిరుగుతుంది."

సూయింగ్ ఇంటికి వచ్చి ఆ మాట షౌలియాంగ్‌కి చెప్పింది. "మీ అమ్మ అక్కడుంది. రేపు మలుపు దగ్గర ఆగాలి." అతను విన్నాడు. ఆ రోజంతా కొత్త ఏడాది పలకరింపులకి వచ్చినవాళ్ళకి సిగరెట్లు ఇచ్చాడు, వేరుశనక్కాయలు పెట్టాడు. ఆ విషయం మాత్రం ఎత్తలేదు. రెండో రోజు కూడా ఎత్తలేదు. మధ్యాహ్నం పాలీహౌస్ మీది దుప్పట్లు దించడానికి వెళ్ళలేదు. లాన్‌జీ దించుకుంటుంది అన్నాడు. సూయింగ్ అతనితో మాట్లాడడం మానేసింది. మిన్‌రు ఇద్దరి మధ్యా తిరుగుతూ తలుపులు మెల్లగా వేసింది.

సాయంత్రం సాగనంపే వేళకి మూడో మామయ్య వచ్చి పటం ముందు మోకరిల్లి, "మళ్ళీ ఏడాదికి రండి! మా తప్పులుంటే మన్నించండి!" అని చుట్టుపక్కల ఇళ్ళకి కూడా వినబడేట్టు వేడుకున్నాడు. అగరొత్తులు వెలిగించారు. షౌలియాంగ్ కుడి చేతిలో ఒకటి. ఎడమ చేతిలోకి ఇంకోటి అతను తీసుకోలేదు.

"ఒకటి చాలు చిన్నాన్నా" అన్నాడు.

మూడో మామయ్యకి వినబడలేదు. ఆయన అప్పటికే కర్ర దాటి నడుస్తున్నాడు.

సూయింగ్, మిన్‌రు గేటు దగ్గర నిలబడ్డారు. చీకటి పడుతోంది. ఎర్ర చుక్కలు వీధి వెంబడి పోతున్నాయి. గుత్తి ముందు, ఒంటి చుక్క వెనక. మలుపు వచ్చింది. గుత్తి కుడివైపు తిరిగింది. ఒంటి చుక్క కూడా తిరిగింది. సూయింగ్ ఊపిరి బిగబట్టి చూసింది. రెండు అడుగులు, మూడు అడుగులు.

ఆగింది.

"ఏంట్రా?" మూడో మామయ్య అరుపు వీధి పొడుగునా వచ్చింది. "ఎందుకాగావ్?"

షౌలియాంగ్ ఏదో అన్నాడు. వినబడలేదు.

"ఏంటీ? గట్టిగా ఏడువ్!"

"అమ్మ ఇంకా రాలేదు!"

ఎదురింటి గేటు కిర్రుమంది. పక్కింట్లో టీవీ చప్పుడు తగ్గింది. షౌలియాంగ్ అంత గట్టిగా అరవడం ఈ వీధిలో ఎవరూ ఎరగరు.

"రాలేదంటే? మొన్న పిలిచాం కదరా! నీ చేతిలోనే వచ్చింది కదా!"

"దారిలో ఆరిపోయింది చిన్నాన్నా! నేను మళ్ళీ పోయి పిలవలేదు! లైటర్‌తో వెలిగించాను! అమ్మ అక్క దగ్గరుంది! రెండు రోజుల నుంచీ అక్కే చూసుకుంటోంది! అక్కే దింపాలి!"

పండగ పూట అనకూడని మాట ఊరందరి ముందూ అనేశాడు. మిన్‌రు తల్లి చెయ్యి పట్టుకుంది. దాని పెళ్ళి, దాని శకునాలు, వసంతం అన్నీ ఒక్కసారి సూయింగ్ కళ్ళ ముందు తిరిగాయి. ఆమె ఆ చేతిని గట్టిగా నొక్కి పట్టుకుంది గానీ, గేటు దగ్గర నుంచి కదలలేదు.

పాలీహౌస్ వైపు నుంచి ఒక చుక్క బయల్దేరింది. నెమ్మదిగా, కొంచెం పైకీ కిందకీ ఊగుతూ వచ్చింది. మలుపు దగ్గర మగవాళ్ళకి కొంచెం దూరంలో ఆగిపోయింది.

మూడో మామయ్య గుత్తి ఇటూ అటూ కదిలింది. ఆ తర్వాత ఆ గొంతే, కానీ ఎప్పుడూ లేనంత మెల్లగా. మెల్లగా అంటే ఆయనకి మెల్లగా.

"అయితే వెనకెందుకు నిలబడింది? మా వదిన పెద్దది. ముందు నడవాలి."

చుక్కలు పక్కకి జరిగి దారి ఇచ్చాయి. ఊగుతున్న చుక్క ముందుకు వెళ్ళింది. తర్వాత అన్నీ కలిసి కూడలివైపు పోయాయి. కాగితాల మంట లేచి తగ్గింది. ఎవరూ గట్టిగా పిలవలేదు ఈసారి.

"అమ్మా, కర్ర తీసెయ్యనా?" అంది మిన్‌రు.

"నేను తీస్తా."

సూయింగ్ వంగి అడ్డకర్రని రెండు చేతులతో ఎత్తి గోడకి చేర్చింది. అనుకున్న దానికంటే బరువుగా ఉంది. తిరిగి వచ్చి పెద్దగదిలోకి వెళ్ళింది. బల్ల మీద గిన్నెలు తీస్తూ, ఒకటి మళ్ళీ కడిగి పెట్టింది. పటంలో కొత్త పేరు సిరా ఇంకా నల్లగా మెరుస్తోంది.

బయట మాటలు వినిపించాయి. మూడో మామయ్యవి, తర్వాత షౌలియాంగ్‌వి. గేటు దగ్గర ఆగారు. "రావే" అన్నాడు షౌలియాంగ్. ఎవరో తటపటాయిస్తున్నారు. "కర్ర లేదు, చూడు. రా."

ముంగిట్లో నువ్వుకట్టె కరకరలాడింది. సూయింగ్ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

ఒక అడుగు. ఒక ఈడుపు. ఒక అడుగు. ఒక ఈడుపు. గుమ్మానికి చెప్పు కొట్టిన చప్పుడు.

"మోకాలు చంపేస్తోంది సూయింగ్" అంది లాన్‌జీ, లోపలికి వస్తూ. "ఆ గదిలో చలికి పట్టేసింది."

సూయింగ్ గిన్నె బల్ల మీద పెట్టింది. లాన్‌జీకి ఎప్పుడూ పెట్టే చోటే.